కాలని వాలు

నక్కలగుట్ట పడమటి వాలుకు తమ ఇంటివాళ్లు ఎన్నడూ నిప్పు పెట్టలేదని ముత్యాలు ఎవరడిగినా చెప్పేవాడు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. పెళ్లి బంతిలో పక్కన కూర్చున్నవాడికి చెప్పేవాడు, ఇబ్రహీంపట్నం సంతలో పొట్టేలు బేరం సగంలో ఉండగా చెప్పేవాడు. సెంటు భూమి లేకపోయినా, చదువు అబ్బకపోయినా, మనిషన్నాక గొప్ప చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

మిగతా గొర్లకాపరులంతా ఎండలు ముదిరే వేళకు కంచెలో, అంటే మేతబీడులో, ఎండుగడ్డిని కాలబెడతారు. కాలిన చోట తొలివానకే లేత పచ్చిక లేస్తుంది, గొర్రెలు ఎగబడి మేస్తాయి. ముత్యాలు తండ్రి మాత్రం ఆ పని చేయలేదు. పడమటి వాలు మీద చీపురు గడ్డి మొలుస్తుంది, దానికి నిప్పు పెడితే ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు. అసలు సంగతి ఇంతే. ముత్యాలు నోట్లో నాని నాని అది వంశం పట్టిన వ్రతమైపోయింది.

అందుకే ఆ సోమవారం గుట్ట కింద, చేతిలో పలకంత ఫోన్ పట్టుకున్న అమ్మాయి "కాకా, మీరు గడ్డి కాలవెడ్తరా?" అని అడిగేసరికి అతని ప్రాణం లేచివచ్చింది.

"మేమా? మా నాయిన కాలంల పెట్టలే, నా కాలంల పెట్టలే. రాసుకో బిడ్డా. ముత్యాలు ఇంటోళ్లు అగ్గిపుల్ల గీకలే అని రాసుకో."

ఆ అమ్మాయి పేరు స్వప్న. రావిర్యాలది. డిగ్రీ అయ్యాక ఈ గడ్డి ప్రాజెక్టులో కుదిరింది. ఆమె వెంట ఇంద్రసేన అనే ఆఫీసరు వచ్చాడు, నగరం మనిషి. ఎండకు ముఖం కందిపోయినా ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. గొర్లకాపరులు ఏడెనిమిది మంది చుట్టూ చేరారు. వాళ్లందరికంటే ముందు ముత్యాలు బావమరిది కిష్టా.

కిష్టా ఏటా తూర్పు వాలును కాలబెడతాడని ఊరిలో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా స్వప్న అడగ్గానే గొంగడి దులుపుకొని, "నాకేం తెల్వది. ఎవడో బీడీ తాగి పారేసుంటడు," అన్నాడు. వాడి తప్పు లేదు. ఒకప్పుడు గడ్డి కాలబెట్టినందుకు సర్కారు మనుషులు వాణ్ణి పట్టుకుపోయి పొద్దుగూకేదాకా ఎండలో నిలబెట్టారు. అప్పటినుంచి చేతిలో కాగితమో ఫోనో ఉన్నవాళ్లు ఏదడిగినా వాడి జవాబు అదే.

ఇంద్రసేన నవ్వాడు. "మేము కేసులు పెట్టడానికి రాలేదు. విషయం చెప్తా, వినండి. గడ్డి కాలితే కనపడే పొగ ఒక్కటే కాదు, కనపడని గ్యాసులు కూడా పైకి పోతాయి. మీథేన్ ఒకటి, నైట్రస్ ఆక్సైడ్ ఒకటి. అవి భూమిని వేడెక్కిస్తాయి. మనలాంటి ఎండదేశాల్లో ఏటా గడ్డి ఎంత కాలుతుందో లెక్కేస్తే గుండె జారిపోతుంది. ఇప్పుడు ఆ కాలబెట్టేవాళ్లు ఆపేశారనుకోండి, తగ్గిన పొగను లెక్కగట్టి బయటిదేశపు కంపెనీలు డబ్బు కడతాయి."

"లేని పొగకు పైసలెందుకు కడ్తరు సారూ?" అన్నాడు కిష్టా.

"వాళ్ల ఫ్యాక్టరీల పొగకు బదులుగా."

"అంటే ఆల్ల పొగ ఆల్లు ఆపరు. మన పొగ మనం ఆపాలె."

ఇంద్రసేన నీళ్ల సీసా మూత తీసి తాగి, మళ్లీ మొదలుపెట్టాడు. ఏటా కాలుతున్న కంచెను ప్రాజెక్టులోకి తీసుకుంటారు. పంచాయతీతో ఇరవై ఏళ్లకు ఒప్పందం రాయిస్తారు. ఆ ఇరవై ఏళ్లూ ఆ నేలను ప్లాట్లకు గానీ ఫ్యాక్టరీలకు గానీ ఇవ్వకూడదు. గొర్రెలు మేపుకోవచ్చు. కాపలాకు కాలబెట్టిన వాళ్లనే పెడతారు.

ముత్యాలు డబ్బు మాట పెద్దగా వినలేదు. 'ప్లాట్లకు ఇవ్వకూడదు' అన్న మాట దగ్గర అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి. పడమటి వాలు అడుగున అప్పటికే పసుపురంగు వేసిన రాళ్లు పాతి ఉన్నాయి. ఔటర్ రింగురోడ్డు పడ్డాక, ఆదిభట్లకు విమానాల కంపెనీలు వచ్చాక, ఈ చుట్టుపక్కల రాయి తీసి విసిరితే ఏదో ఒక వెంచర్ బోర్డుకు తగులుతుంది. ఆదివారమైతే మీర్‌పేట్ నుంచి, హయత్‌నగర్ నుంచి కుటుంబాలు కార్లు వేసుకొచ్చి, చెట్టు లేని చోట షామియానా కింద బిర్యానీ తిని, మట్టిలో ఇల్లు ఊహించుకొని పోతుంటాయి. గుట్ట సర్కారుదే. కానీ సర్కారుది అంటే రేపు ఎవరిదవుతుందో చెప్పలేని కాలమది. వెంచర్ వాళ్ల రాళ్లు ఏడాదికింత పైకి పాకుతూనే ఉన్నాయి. ఆ వాలు పోతే ముత్యాలు మందకు మేత లేదు. మంద లేకపోతే ముత్యాలు లేడు.

ఇంతలో కిష్టా చెయ్యెత్తాడు. "సారూ, ఇందాక మర్శిపోయిన. తూర్పు దిక్కు కాలవెట్టేది నేనే."

"ఎవడో బీడీ తాగిండంటివి?" అంది స్వప్న.

"ఆ బీడీ తాగింది నేనే."

అందరూ గొల్లుమన్నారు. ఆ తర్వాత ఒకడిని మించి ఒకడు మొదలుపెట్టాడు. బోడబండ దిక్కు కాలబెట్టేది తనేనన్నాడొకడు. ఏటా రెండుసార్లు కాలబెడతానని ఇంకొకడు. నిన్నటిదాకా నేరమైంది ఒక్కపూటలో అర్హత అయి కూర్చుంది. స్వప్న నవ్వాపుకుంటూ ఫోన్‌లో గుట్ట పటం చూపించింది. గడిచిన పదేళ్లలో కాలిన చోట్లన్నీ ఆకాశం నుంచి తీసిన బొమ్మల్లో ఎర్రగా పడ్డాయి. ఎవరూ చెప్పుకోనక్కర లేకుండానే ఎవరి చోటు ఎంత కాలిందో అందులో ఉంది.

ముత్యాలు ముందుకు వంగి చూశాడు. పడమటి వాలు ఒక్కటే ముద్దగా, మచ్చ లేకుండా పచ్చగా ఉంది. అతని ఛాతీ పొంగింది.

"మాది చూసినవా బిడ్డా, ఎంత సాఫ్‌గ ఉన్నదో."

"అవ్ కాకా," అంది స్వప్న. తర్వాత గొంతు తగ్గించింది. "గందుకే అది లోపలికి రాదు."

*

ఇంటికి వెళ్లేసరికి భార్య సత్తమ్మ వాకిట్లో చీపుర్లు కడుతోంది. కోసుకొచ్చిన గడ్డిని గుప్పెడు గుప్పెడు తీసి, గింజల ముళ్లు రాలేదాకా బండకేసి కొట్టి, మొదళ్లు సమం చేసి, పాత సైకిల్ ట్యూబు చీలికలతో బిగించేది. ఆ ముళ్లు గుడ్డలకు పట్టుకుంటే ఉతికినా పోవు. సత్తమ్మ చీర కుచ్చిళ్ల నిండా అవే. ఇబ్రహీంపట్నం సంతలో సత్తమ్మ చీపురంటే పేరుంది. ఏడాది వాడినా పుల్ల రాలదని చెప్పి కొంటారు.

ముత్యాలు గోడకు ఆనుకొని కూర్చొని జరిగింది చెప్పాడు. కోపంతో మాటలు తడబడ్డాయి.

"తప్పు చేసినోనికి ఇరవై ఏండ్ల ఒప్పందం. చెయ్యనోనికి ఏం లేదట. ఇదేం న్యాయమే?"

"న్యాయం సంగతి నాకెందుకు. ఇప్పుడేమైతది మరి, మన దిక్కు?"

"ఏమైతది? కిష్టగాని దిక్కు బోర్డు పెడ్తరు. అటు పోనీకి లేక వెంచరోళ్లంత ఇటే వస్తరు. వచ్చే ఏడు ఇదే టైముకు మన వాలు మీద రోడ్డేస్తరు."

సత్తమ్మ చేతిలో గడ్డి ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ కొట్టసాగింది.

ఆ మాటల మీదే కిష్టా వచ్చాడు, అక్క చేతి చాయ్ తాగే వంకతో. వాడి ముఖంలో సంతోషం దాగడం లేదు. అయినా బావ దిగులుకు జాలిపడ్డాడు.

"దీనికింత ఫికర్ ఎందుకు బావా. శుక్రారం సారు డ్రోను తెస్తడట. గుట్టంత పైనుంచి ఫోటో తీస్తడట. ఆలోపు మీ దిక్కు జర నల్లగైతే సరి. అగ్గిపుల్ల పని."

"నోరు ముయ్ తమ్మీ," అంది సత్తమ్మ. "ఒర్రెల గడ్డి ఇంక కొయ్యలే నేను."

పడమటి వాలు నడుమ, పైనున్న బండ నుంచి అడుగుదాకా ఒక సన్నటి ఒర్రె దిగుతుంది. వానాకాలం నీళ్లు పారే దారి అది. దానికి అటూ ఇటూ తేమ నిలుస్తుంది కనుక చీపురు గడ్డి మనిషెత్తు లేస్తుంది, కానీ ఆలస్యంగా పండుతుంది. సత్తమ్మ అత్త దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ముందు ఒర్రెకు రెండు వైపులా అంచుల్లో పొట్టిగడ్డిని నేలమట్టంగా కోసుకుంటూ వస్తుంది. నడిమి పొడుగు గడ్డిని చివరికి వదిలిపెడుతుంది. ఆ ఏడు మొత్తంలో అదే మేలైన చీపురు. అందులోనూ పై పుల్లలే కోస్తుంది, మొదళ్లు ముట్టదు.

"ఒర్రె ముట్టకు. అటుపక్క కొస కాలవెట్టు," అన్నాడు కిష్టా.

"ఎవ్వడు ఏది కాలవెట్టేది లేదు," అంది సత్తమ్మ.

ముత్యాలు చేతిలో చాయ్ చల్లారిపోయింది.

*

మంగళవారం అతను మందను తోలుకొని కావాలనే తూర్పు వాలు వైపు పోయాడు. స్వప్న అక్కడ గడ్డి తూకం వేస్తోంది. ఇనుప చట్రం ఒకటి నేల మీద పరిచి, అందులో పడ్డ గడ్డినంతా కత్తిరించి, సంచిలో కుక్కి, ముల్లుకాటాకు తగిలించి, వచ్చిన బరువు రాసుకుంటోంది. కిష్టా కిందటేడు కాలబెట్టిన చోట ఒక సంచి, అంతకు ముందేడు కాలిన చోట ఒక సంచి. గొర్రెలు ఆ సంచుల్ని వాసన చూస్తుంటే వాటిని అదిలిస్తూ ముత్యాలు పక్కన నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక మాట. ఎన్నడు కాలవెట్టనోనికి ఏదో ఒక దారి ఉండదా?"

స్వప్న కత్తెర పక్కన పెట్టింది. ఆమెకూ ఆ సంగతి మనసులో మెదులుతూనే ఉన్నట్టుంది. "నేను సార్‌ను అడిగిన కాకా. లెక్క ఎట్లుంటదంటే, పదేండ్ల నుంచి వచ్చిన పొగల నుంచి ఇప్పటి పొగ తీసెయ్యాలె. మిగిలిందే లాభం. మీకు మొదలే పొగ లేదాయె. దేంట్లకెల్లి ఏం తీస్తరు?"

"పస్తులున్నోనికి ఉపాసం పుణ్యం దక్కదన్నట్టు."

స్వప్న నవ్వబోయి ఆపుకుంది. "గట్లనే అనుకో."

"మరి ఇప్పుడు కాలితే?"

ఆమె మళ్లీ చట్రంలోకి వంగి గడ్డి కత్తిరించడం మొదలుపెట్టింది. "శుక్రారం నల్లగ కనవడితే సారు ఏమంటరో నాకు తెల్వదు కాకా."

ఆమె తెలియదన్నది నిజంగానే తెలియక. ముత్యాలుకు మాత్రం అది సైగలా వినిపించింది. అవసరంలో ఉన్నవాడికి గాలి వీచినా తనకే ఏదో చెబుతున్నట్టుంటుంది.

బుధవారం వెంచర్ వాళ్లు వచ్చారు. ధర్మేందర్ అని ఆ వెంచర్‌లో తిరిగే మనిషి, తెల్లచొక్కా, నల్లకళ్లద్దాలు. ఇద్దరు కూలీలతో ఒర్రె పక్కనుంచి పైదాకా సున్నం గీత వేయించాడు. గడ్డిలో సున్నం నిలవక పిడికెళ్లు పిడికెళ్లుగా పోయించాడు. "ఇదేందన్నా?" అని ముత్యాలు అడిగితే, "రోడ్డు కాకా. పైన వ్యూ మస్తుంటది," అన్నాడు మర్యాదగానే. ఆ మర్యాదకే ముత్యాలుకు కడుపు మండింది.

*

గురువారం పొద్దున్నే ముత్యాలు ఫోన్ ఆపేశాడు. స్వప్న ఫోన్ చేసి వద్దంటుందేమోనని అతని భయం. వద్దంటే మానేయాలనిపిస్తుందేమోనని అంతకంటే పెద్ద భయం. మందను కిష్టా మందలో కలిపి, ఒర్రెకు ఉత్తరాన గడ్డి పలచగా ఉన్న కొసకు పోయాడు. అక్కడొక ముక్క, ఆకాశం నుంచి కనపడేటంత, కాలితే చాలు. సత్తమ్మ ఒర్రెకు దక్షిణాన బండ మీద గడ్డి కొట్టి సంతకు చీపుర్లు కడుతోంది. చప్పుడు వినిపిస్తోంది.

కాలబెట్టడం కూడా ఒక పనే. దానికీ ఒక వైనముంది. ఏటా చేసేవాళ్లు మంచు ఇంకా ఆరకముందే మొదలుపెడతారు. గుట్టకు నిప్పు ఎప్పుడూ నెత్తిన పెడతారు, కాళ్ల దగ్గర కాదు. పైనుంచి కిందికి నిప్పు ఇష్టం లేనట్టు నెమ్మదిగా దిగుతుంది, తంగేడు మండతో కొడితే మాట వింటుంది. కింద పెడితే అది పరుగెడుతుంది. ఇవన్నీ కిష్టాకు తెలుసు, మిగతావాళ్లకూ తెలుసు. ఎన్నడూ చేయని ముత్యాలుకు తెలియవు. అడగాలంటే నోరు రాలేదు. ఇన్నేళ్లు ఊరంతటికీ గొప్ప చెప్పుకున్నవాడు, ఇప్పుడు ఎట్లా కాలబెట్టాలని ఎవర్నడుగుతాడు?

పొద్దెక్కిందాకా తటపటాయించి, చివరికి వాలు అడుగున కూర్చొని పుల్ల గీశాడు. మొదటిది ఆరిపోయింది. రెండోది గడ్డి మొదట్లో పెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. చిటచిటమని చిన్నగా అంటుకుంది. ముచ్చటగానే ఉంది చూడ్డానికి. అతను లేచి వెనక్కి అడుగేసేలోగా అది మోకాలెత్తు లేచింది. కింద పడమటి గాలి, పైన ఏటవాలు. పలచగా ఉందనుకున్న గడ్డి అడుగున, ఎన్నో ఏళ్లుగా రాలి పడి ఎవరూ కాలబెట్టని తుక్కు పరుపులా పేరుకుపోయి ఉంది. నిప్పు అది చూసుకొని మనిషెత్తయింది. ముత్యాలు భుజం మీది తువ్వాలు తీసి కొట్టాడు. తువ్వాలే అంటుకుంది.

పొగ లేవగానే సత్తమ్మ తమ్ముడే అనుకొని తిట్టుకుంటూ లేచింది. మొగుడి తువ్వాలు గాలిలో కాలుతూ ఎగరడం చూసి తిట్టు సగంలో ఆపేసింది. పక్కనున్న గొంగడి లాగి, తాగేందుకు తెచ్చుకున్న బిందెలో నీళ్లన్నీ దాని మీద కుమ్మరించి, ఒర్రె వైపు ఉరికింది. ఆమె ఒర్రె చేరేసరికి నిప్పురవ్వలు ఒర్రె మీదుగా ఎగిరి దక్షిణపు గడ్డిలో పడ్డాయి. ఆమె కొట్టిన చీపుర్లున్న బండ కూడా మంటల మధ్య పడింది. ఆమె అటు చూడలేదు.

ఒర్రె అంచుకు వచ్చేసరికి నిప్పు జోరు తగ్గింది. అక్కడ సత్తమ్మ నేలమట్టంగా కోసిన మోళ్లే ఉన్నాయి, దానికి తినడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ మోళ్ల మీద నిలబడి ఆమె తడి గొంగడితో కొట్టింది. కొడుతూ పైకి నడిచింది, మళ్లీ కొడుతూ కిందికి దిగింది. కిష్టా గుట్ట దాటి ఉరికివచ్చాడు, చేతిలో తంగేడు మండలు.

"కింద పెట్టినవా బావా! గుట్టకు ఎవడన్న కింద పెడ్తడా!"

ముత్యాలు మండ ఒకటి లాక్కొని అవతలి అంచుకు పోయాడు. ముగ్గురూ కొట్టారు. పొగలో ఒకరికొకరు కనపడటం లేదు, దెబ్బల చప్పుడును బట్టి ఎవరెక్కడున్నారో తెలిసేది. చివరికి పైబండ దగ్గర తినడానికి ఏమీ మిగలక నిప్పు తనంతట తానే పడుకుంది.

వాలంతా నల్లగా ఉంది. నడుమ ఒర్రె వెంట, పైనుంచి కిందిదాకా, పొడుగు గడ్డి ఒక్కటి పచ్చపచ్చగా పాపిట తీసినట్టు నిలిచింది.

సత్తమ్మ కూర్చొని కాళ్లు చాపుకుంది. చెప్పుల అడుగులు కరిగి పాదాలకు అతుక్కున్నాయి. కిష్టా వాటిని ఒక్కొక్కటే ఊడదీశాడు. ముత్యాలు ఎదురుగా నిలబడ్డాడు. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండనిపించింది. ఆమె తిట్టలేదు. మాడిపోయిన బండ వైపు చూసి, "సంతకు కట్టినయి అన్ని పోయినయ్," అని మాత్రం అంది. అతనికి ఏడుపొచ్చింది. పొగ సాకు ఉంది కనుక కళ్లు తుడుచుకున్నాడు.

పొద్దువాలే ముందు ధర్మేందర్ బండి మీద వచ్చాడు. నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసి వాలంతా కలియజూశాడు.

"మేమే జేసీబీ పెడ్దామనుకున్నం కాకా. నువ్వే సాఫ్ చేసినవ్. ఎత్తుపల్లాలు మంచిగ కనవడుతున్నయి."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇక్కడ నిప్పు పెట్టినవాడే ఏడ్చేవాడు కనుక ముత్యాలుకు నోరెత్తడానికి కూడా హక్కు లేకపోయింది.

*

శుక్రవారం ఇంద్రసేన జీపు దిగి, డ్రోను పెట్టె కింద పెట్టి, పడమటి వాలు చూసి అలాగే నిలబడిపోయాడు. స్వప్న ముఖం పాలిపోయింది.

"ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనే సారూ," అన్నాడు ముత్యాలు. రాత్రంతా తయారు చేసుకున్న మాటలు ఇంకా ఉన్నాయి: ఇప్పుడు మేమూ కాలబెట్టినోళ్లమే, మమ్మల్నీ రాసుకోండి అని. ఆఫీసరు ముఖం చూశాక అవి గొంతు దాటలేదు.

"ఒక్కసారి కాలితే చరిత్ర కాదు. పదేళ్లు కాలాలి. పైగా సర్వే మొదలయ్యాక పెట్టిన నిప్పు లాభం కోసం పెట్టిన నిప్పు కింద లెక్క. ఈ వాలును ఇక ఏ విధంగానూ కలపలేం." ఇంద్రసేన కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు. అది ఇంకా కష్టంగా తగిలింది.

"నిన్న పొద్దుగాల నుంచి ఫోన్ చేస్తనే ఉన్న కాకా!" స్వప్న ముత్యాలు వైపు తిరిగింది. "ఎందుకు బంద్ పెట్టినవ్? కాలిన ఏడాదికి గడ్డెంత ఉంటది, రెండేండ్లకెంత, మూడేండ్లకెంత, అన్ని తూకమేసినం. ఎన్నడు కాలని గడ్డి బరువు లేదు మా తాన. అది లేకుంటే లెక్కే నిలవది. చుట్టుపక్కల ఎక్కడ చూసినా కాలని జాగ లేదు, మీదొక్కటే ఉండె. దాన్ని కొలతకు పెడ్తం, దానికీ ఒప్పందం రాస్తమని బుధారం పైనుంచి ఫోనొచ్చింది. మీకు చెప్దామనే చేసిన."

తండ్రి కాలం నుంచి కాపాడుకున్నదానికి ధర పలికిన మర్నాడే ముత్యాలు తన చేత్తో తగలబెట్టాడు. కిష్టా అయితే ఏటా కాలబెట్టి కూడా ఇంత నష్టం ఎన్నడూ చేయలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అతను జేబులోంచి ఫోన్ తీసి ఆన్ చేశాడు. ఎందుకో అతనికే తెలియదు. అది కుయ్ కుయ్‌మని స్వప్న చేసిన ఫోన్లన్నీ ఒక్కొక్కటే చూపించింది.

అంతవరకు దూరంగా రాయి మీద కూర్చున్న సత్తమ్మ లేచింది. కాళ్లకు పాతచీర పీలికలు చుట్టుకుంది. చేతికర్ర ఊనుకొని వచ్చి, మొగుడికీ స్వప్నకూ మధ్య నిలబడింది.

"బిడ్డా, కాలని గడ్డంటే మీకు ఎంత గావాలె?"

"ఎంతున్నా చాలు చిన్నమ్మా. పాతది కావాలె. నిప్పు ముట్టనిది కావాలె."

"ఒర్రెలున్నది చూడు పో. నడిమిట్లది నేను ఇంక కొయ్యలే."

ఇంద్రసేన, స్వప్న ఒర్రె వెంట ఎక్కారు. గడ్డి వాళ్ల తలలను దాటింది. స్వప్న చట్రాన్ని మొదళ్ల దాకా దింపడానికి అవస్థ పడింది. పక్కకు తోసిన కొద్దీ అడుగున పాత ఏళ్ల తుక్కు పొరలు పొరలుగా బయటపడింది. చట్రం నిండా కత్తిరించి, సంచి ముల్లుకాటాకు తగిలిస్తే, ముల్లు ఇంతవరకు పోని చోటికి పోయి ఆగింది. ఆమె రెండోసారి తూచింది. ఇంద్రసేన చూసి, రాసుకోమన్నట్టు తలూపాడు.

కిందికి దిగి వచ్చాక అతని మాట మారింది. "పైనుంచి కింది దాకా ఉంది కదా, ఇది సరిపోతుంది. దీన్ని కొలత చోటుగా పెడతాం. అంచుల్లో రెండు వైపులా కొంత నేల కలిపి ముళ్లకంచె వేస్తాం. ఇరవై ఏళ్లు ఎవరూ అడ్డంగా రోడ్డు గానీ గీత గానీ వెయ్యడానికి లేదు." ధర్మేందర్ సున్నం గీత ఒర్రె పక్కనే తెల్లగా, బూడిదలో ఇంకా బాగా కనపడుతూ ఉంది. కంచె పడితే ఆ గీత లోపలే ఉండిపోతుంది, ఒర్రెను దాటకుండా ఆ వాలు మీద వేరే రోడ్డూ పైకి పోదు. రెండుగా చీలిన వాలును ప్లాట్లు చేసుకొని ఏం చేసుకుంటారు?

స్వప్న ఫోన్ తీసింది. "కాపాడినోళ్ల పేరు రాయాలె. ఎవరి పేరు పెట్టాలె?" అని ముత్యాలు వైపే చూసింది. ఊరంతా అతని గొప్పలు విన్నదే కదా.

అతను అడక్కుండానే చెప్పే మాట అది. ఎన్నో సంతల్లో, ఎన్నో పెళ్లిళ్లలో చెప్పిన మాట. నోరు తెరిచాడు. నల్లటి వాలు ఎదురుగా ఉంది.

"నేను గాదు," అన్నాడు. "ఆమె. సత్తమ్మ అని రాయి."

సత్తమ్మ మొగుడి వైపు చూసింది, నిన్నటినుంచి మొదటిసారి. తర్వాత స్వప్న వైపు తిరిగి, "ఎప్పుడు కొయ్యాలె మరి నేను? పండటానికొచ్చింది," అంది.

స్వప్న ఇంద్రసేనను చూసింది. అతను నేల చూశాడు.

"కొయ్యొద్దు చిన్నమ్మా," అంది స్వప్న. "కొలతకు పెట్టినంక ఒక్క పుల్ల గూడ ముట్టొద్దు. మేపొద్దు, కొయ్యొద్దు."

"ఇరవై ఏండ్లా?"

"అవ్."

సత్తమ్మ ఒర్రె గడ్డి వైపు తిరిగింది. అంచుల్లో కోసి, నడిమిది కాపాడుకొని, మంటల్లో నిలబడింది దాని కోసమే. నడుముకు దోపుకున్న కొడవలిని తీసి, ఒకసారి అంచు తడిమి చూసుకొని, కిష్టా చేతికిచ్చింది.

"పెట్టుకోండి," అంది.

*

మరుసటి సంతకు సత్తమ్మ ఎప్పటిలాగే ఇబ్రహీంపట్నం వచ్చింది. కాళ్లు ఇంకా పూర్తిగా మానలేదు. ముత్యాలు వెంట వచ్చాడు, ఎప్పుడూ రాడు. ఆమె ఎప్పుడూ కూర్చునే చోట, పోచమ్మ గుడి అరుగు పక్కన, ఎవరో కొత్తామె చీపుర్లు పేర్చి పెట్టుకుంది. సత్తమ్మ వంగి ఒకటి తీసింది. కొస వేళ్లతో విదిలించింది. ముళ్లు జలజలా రాలాయి. ఇంకొకటి తీసింది, అదీ అంతే. మూడోది కాస్త నయం.

పక్కన కూరగాయలమ్మే ముసలామె ఆశ్చర్యపోయింది. "ఏందే సత్తమ్మా! నువ్వు చీపురు కొనుడేంది? నీ గడ్డేమైంది?"

సంతలో చుట్టూ ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. ముత్యాలుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇదే చోట, ఇదే ముసలామెకు తన ఇంటి వ్రతం గురించి ఎన్నిసార్లు చెప్పాడో. ఇప్పుడు సత్తమ్మ చెప్పవచ్చు, ఉన్నది ఉన్నట్టు చెప్పినా తప్పు లేదు. అతను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మా గడ్డికి కొలువొచ్చింది పెద్దమ్మా," అంది సత్తమ్మ. "కొలువొచ్చినంక ఇంట్ల పని చేస్తదా?"

ముసలామె పగలబడి నవ్వింది. కొత్తామె కూడా నవ్వింది, ఏమీ అర్థం కాకపోయినా. సత్తమ్మ బేరం ఆడకుండా డబ్బులిచ్చి, చీపురును మొగుడి చేతిలో పెట్టి ముందు నడిచింది. ముత్యాలు దాన్ని భుజాన వేసుకొని, రాలుతున్న ముళ్లు గొంగడికి పట్టుకుంటున్నా దులుపుకోకుండా, ఆమె వెనక నడిచాడు.